మార్జిన్ మాస్టారు

పాత కాలేజీ వాట్సాప్ గ్రూపులో కిందటి నెల ఒక పొద్దున ఆయన ఫొటో వచ్చింది. చుట్టూ బంతిపూల దండ బొమ్మ, కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. "క్రమశిక్షణకు మారుపేరు" అని ఒకరు రాశారు. "మనల్ని మనుషుల్ని చేసిన మహానుభావుడు" అని ఇంకొకడు. ఈ రెండో ముక్క రాసినవాడు ఫస్టియర్లో ఆయన కనబడితే సైకిల్ స్టాండు వెనక దాక్కునేవాడు. నేను ఏమీ పెట్టలేదు. ఇడ్లీ తింటున్నదాన్ని తింటూనే ఉన్నాను. పైగా ఇంకో రెండు వేసుకున్నాను.

నేను ఆ కాలేజీలో చదివింది ఒక్క సంవత్సరం. రెండో ఏడాదికి అక్కణ్ణించి పారిపోయి విశాఖలో ఇంకో కాలేజీలో చేరాను. ఎవరో నా నంబరు కలిపేస్తే ఆ గ్రూపులో ఉండిపోయాను గానీ, ఆ ఏడాది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. ఆ మంటలో సగానికి పైగా ఆయన పెట్టిందే. ఆయన మా వైస్ ప్రిన్సిపాల్. పేరు రాయను. ఆయన్ని పేరుతో పిలిచిన పిల్లలు కూడా ఎవరూ లేరు. అందరికీ మార్జిన్ మాస్టారే.

మా ఇల్లు గాజువాక. కాలేజీ తగరపువలస దాటాక. ఇంటర్లో మార్కులు చాలక దగ్గర్లో దొరకని సీటు అక్కడ దొరికింది. ఆరున్నరకి ఇంట్లో బయల్దేరి, మద్దిలపాలెంలో బస్సు మారి, తొమ్మిదింటికి గేటు దగ్గర ఉండాలి. గాజువాక జంక్షన్లో ఫ్యాక్టరీ షిఫ్టు బస్సులు అడ్డం పడినా, మధురవాడ దగ్గర ఏ లారీయో ఆగిపోయినా తొమ్మిదీ పది అయ్యేది. వారంలో మూడు రోజులు అలాగే అయ్యేది.

గేటు లోపల ఒక బల్ల, బల్ల మీద ఆలస్యంగా వచ్చేవాళ్ళ రిజిస్టరు, రిజిస్టరు మీద ఆయన చేతిగడియారం. గడియారం విప్పి అక్కడ పెట్టాక గానీ ఆయన కూర్చునేవాడు కాదు. ఆయన సమయపాలన గురించి ఇప్పుడు గ్రూపులో తెగ పొగుడుతున్నారు. ఆయన ఇల్లు కాలేజీ ప్రహరీకి ఆనుకునే ఉండేది. వాళ్ళ పెరటి తలుపు తీస్తే మా ల్యాబు కిటికీ. రెండు బస్సులు మారి రమ్మంటే తెలిసేది.

"సార్, బస్సు లేటండి. నాను ఆరున్నరకే బయల్దేరేనండి."

"బస్సుని అడగలేదు. నిన్ను అడిగాను."

గొంతు ఎప్పుడూ పెంచేవాడు కాదు. తిట్టేవాడు కాదు. తిడితే బాగుండేది, తిట్టించుకుని క్లాసుకి పోయేవాళ్ళం. ఒక తెల్లకాగితం ఇచ్చేవాడు. సంజాయిషీ రాయాలి. కాగితాన్ని నిలువునా సగానికి మడిచి, ఇంకోసారి సగానికి మడిచి, విప్పాలి. ఎడమపక్క మొదటి మడత గీత దగ్గర అక్షరం మొదలవ్వాలి. గీతకి అవతల ఒక్క చుక్క పడకూడదు. "ఆ ఖాళీ నీది కాదు, పై అధికారిది. తన మాట రాసుకోడానికి వదిలిపెట్టాలి" అనేవాడు. ఆ ఖాళీలో ఆయన తన మాట రాయగా నేను ఒక్కనాడూ చూడలేదు. ఒక టిక్కు పెట్టేవాడు, అంతే. ఆ టిక్కు కోసం మేము పావు కాగితం వదిలిపెట్టేవాళ్ళం.

జేబులో రెండు పెన్నులుండేవి. ఒకటి తనకి, ఒకటి మాకు. మాకిచ్చే పెన్ను మూత తీసి తన దగ్గరే పెట్టుకుని ఇచ్చేవాడు, మేము పట్టుకుపోకుండా. మూతలేని పెన్నుతో, బల్లకి వంగి, నిలబడే రాయాలి. గీత దాటిందా, ఆ కాగితాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని వెనక్కిచ్చేవాడు. ఒకటే మాట.

"మళ్ళీ."

అలా రెండుసార్లో మూడుసార్లో అయ్యేసరికి రెండో పీరియడ్ కూడా అయిపోయిన గంట కొట్టేవాళ్ళు. ఈలోపు ఆయనకి టీ వచ్చేది, పక్కన ఒక మారీ బిస్కెట్టు. దాన్ని కూడా సరిగ్గా నాలుగు ముక్కలు చేసి తినేవాడు. పది నిమిషాలు ఆలస్యంగా వచ్చినందుకు గంటా ముప్పావు క్లాసు పోయేది. క్లాసులో ఎవరి పక్కన కూర్చోవాలో, ఎవరితో మాట్లాడాలో కూడా నాకు తెలియకుండానే దసరా సెలవులొచ్చేశాయి. అందరికీ స్నేహితులున్నారు. నాకు ఆ బల్ల ఉంది.

ఒక్క మాట ఒప్పుకోవాలి. పక్షపాతం లేదు. లెక్చరర్లు ఆలస్యంగా వచ్చినా రాయించేవాడు. ప్రిన్సిపాల్ గారి మేనల్లుడి చేత కూడా రాయించాడు. మనిషన్నాక ఎక్కడో ఒక చోట మెత్తదనం ఉంటుంది కదా, ఆ చోటు పట్టుకుంటే బయటపడదామని నేను ఏడాదంతా వెతికాను. దొరకలేదు.

పరీక్షల ముందు నాకు హాజరు తక్కువైందని నాన్నని తీసుకురమ్మన్నాడు. నాన్న పోర్టులో కలాసీ. ఓడల మీద సరుకు ఎత్తీ దించీ అరచేతులు బండబారిపోయాయి. ఆ రోజు పని మానుకుని, ఆదివారం చర్చికి వేసుకునే చొక్కా వేసుకుని వచ్చాడు. మాస్టారి గదిలో రెండో కుర్చీ ఉంది. దాని మీద ఫైళ్ళున్నాయి. అవి తియ్యలేదు.

"మీ అమ్మాయి ఇకపై ఆలస్యంగా రాదని హామీ రాసివ్వండి."

"బాబూ, నాను ఐదు దాకే సదివేనండి. పిల్ల రాత్తాది, నాను సంతకం ఎట్టేత్తాను."

"హామీ మీది. రాత కూడా మీదే ఉండాలి."

కాగితం మడత పెట్టి ఆయనే చూపించాడు. మూత తీసి పెన్ను ఇచ్చాడు. నాన్న బల్లకి వంగాడు. నేను పక్కన నిలబడి ఒక్కొక్క మాటా చెప్తుంటే, నాన్న ఒక్కొక్క అక్షరం రాశాడు. ఇంటి గుమ్మం మీద పేరు రాసుకున్నంత పెద్ద అక్షరాలు. నాలుగో వరసకి గీత దాటేశాయి.

"మళ్ళీ."

రెండోసారి రాస్తుంటే ఇంటర్వెల్ అయ్యింది. తలుపు తీసే ఉంది. మా క్లాసు అమ్మాయిలు అటు పోతూ తొంగి చూశారు. నాన్న మెడ మీద చెమట కారుతోంది. రెండోదీ దాటింది. ఆయన రెండు వేళ్ళతో వెనక్కిచ్చాడు. మూడోది ఎలా రాశాడో నాకు తెలీదు, నేను చూడలేకపోయాను. ఆయన టిక్కు పెట్టి ఫైల్లో పెట్టుకుంటూ, "చూశారా, వచ్చింది కదా" అన్నాడు. మెచ్చుకున్నట్టే అన్నాడు. నాన్న దండం పెట్టాడు.

బస్సు ఆనందపురం దాటింది. నాన్న కిటికీ వైపు చూస్తూ అన్నాడు.

"మార్జినని ముందే సెప్పుంటే బాగున్నమ్మా. ఇంటికాడే నేర్సుకుని వచ్చేవోడిని కదా."

నేను ఏడవలేదు. ఏడిస్తే నాన్న ఇంకా కుంగిపోతాడు. ఆ బస్సులోనే రెండు అనుకున్నాను. ఒకటి, ఈ కాలేజీలో రెండో ఏడాది చదవను. రెండు, ఏదో ఒక రోజు ఈ మనిషి చేత మూడుసార్లు రాయిస్తాను. ఇంటికెళ్ళాక సంగతంతా విని అమ్మ ఆయన కోసం ప్రార్థన చేసింది, ఆయన మనసు మెత్తబడాలని. నేనూ మోకరించాను. నేను అడుక్కున్నదేమిటో అమ్మకి చెప్పలేదు.

పరీక్షలయ్యాక విశాఖలో ఒక కాలేజీలో రెండో ఏడాదికి సీటు ఖాళీ ఉందని తెలిసింది. శనివారం సాయంత్రం నాలుగింటిలోగా టీసీ తెచ్చి చేరాలి. సోమవారం పొద్దున్నే వెళ్ళాను. ఆ దరఖాస్తు మాత్రం నేను ఇంటి దగ్గర స్కేలు పెట్టి మడత పెట్టి రాశాను. ఒక్క అక్షరం కూడా గీతకి తగలలేదు. ఆయన దాన్ని చాలాసేపు చూశాడు. "ఇప్పుడు వచ్చింది" అన్నాడు. ఆ మొహంలో సంతోషం చూస్తే నాకు ఒళ్ళు మండిపోయింది.

దరఖాస్తు బాగున్నంత మాత్రాన టీసీ వచ్చెయ్యలేదు. లైబ్రరీ సంతకం, ల్యాబు సంతకం, ఆటల మాస్టారి సంతకం. నేను ఏనాడూ బంతి ముట్టుకోలేదన్నా వినలేదు. ప్రతి సంతకానికీ వేరే కాగితం, ప్రతి కాగితానికీ మార్జిన్. రోజూ గాజువాక నుంచి వెళ్ళడం, రోజూ "రేపు చూద్దాం" అనిపించుకోవడం. శనివారం మధ్యాహ్నం పన్నెండున్నరకి చేతికిచ్చాడు. ప్రవర్తన అన్న చోట అందరికీ "మంచిది" అని ఉంటుంది. నాకు "సంతృప్తికరం" అని రాశాడు.

"సార్, మంచిదని రాయొచ్చు కదండి. ఆలస్యం తప్ప నాను ఏటి సేసేనండి?"

"ఆలస్యంగా వచ్చేవాళ్ళకి మంచిదని రాస్తే, వేళకి వచ్చేవాళ్ళకి ఏమని రాయను?"

ఆ మాట న్యాయమే. అందుకే ఇంకా కోపం.

కొత్త కాలేజీకి నాలుగింటికి పది నిమిషాలుందనగా షేరాటో దిగి పరిగెత్తాను. అక్కడి గుమాస్తా పెన్సిల్ చెవిలో పెట్టుకుని వేరుశనక్కాయలు తింటున్నాడు. చేరిక దరఖాస్తు రాయమని తన పుస్తకంలోంచి ఒక కాగితం చింపి ఇచ్చాడు. నేను అలవాటుగా మడత పెట్టబోతే, "ఒలమ్మ, మడతలెందుకు? రాసీసి ఇచ్చీ బేగా, గది మూసేత్తారు" అన్నాడు. నాకు ఆ మనిషి కాళ్ళకి దండం పెట్టాలనిపించింది. ప్రిన్సిపాల్ గారు టీసీ చూసి, ప్రవర్తన దగ్గర వేలు ఆపి, "ఏం చేశావమ్మా?" అన్నారు.

"బస్సులో వచ్చేనండి" అన్నాను.

ఆయన నవ్వి సంతకం పెట్టారు. ఆ తరవాత రెండేళ్ళూ నాకు స్నేహితులున్నారు, క్యాంటీన్ ఉంది, ఆలస్యమైతే వెనక తలుపులోంచి పిలిచే లెక్చరర్లున్నారు. చదువు కూడా వచ్చింది. పరీక్ష రాసి ట్రెజరీలో ఉద్యోగం తెచ్చుకున్నాను. పింఛన్ల సెక్షను.

ఏడాది మొదట్లో పింఛనుదారులు మా ఆఫీసుకొచ్చి బతికే ఉన్నామని చూపించుకోవాలి. మిషను మీద వేలు పెడితే చాలు. పెద్దవాళ్ళకి వేలిముద్రలు అరిగిపోయి ఒక్కోసారి పడవు. అలాంటప్పుడు అచ్చు ఫారం మీద మా ఎదురుగా సంతకం పెడితే సరిపోతుంది. రెండు నిమిషాల పని. ఇందులో ఉత్తరం రాయాల్సిన అవసరం ఎక్కడా లేదు. ఈ సంగతి ముందే చెప్తున్నాను, ఎందుకంటే తరవాత నేను చేసిన పని ఏమిటో తెలియాలి.

కిందటి ఏడాది మొదట్లో ఆయన వచ్చాడు. చేతికర్ర, వంగిన వీపు, అదే తెల్ల చొక్కా, జేబులో అవే రెండు పెన్నులు. అంతకు ముందు ఇంకో ఆఫీసులో పింఛను తీసుకునేవాడట, ఆ ఏడాదే మాకు మార్చుకున్నాడు. చూడగానే పోల్చాను. కౌంటరు ఒంటిగంట దాకా. గోడ మీద ఒంటిగంటా అయిదు.

నేను నా చేతిగడియారం విప్పి బల్ల మీద పెట్టాను. ఎప్పుడూ పెట్టను.

"టైమ్ అయిపోయిందండి. రేపు రండి."

"బస్సు..." అని మొదలుపెట్టి ఆయన ఆగిపోయాడు. నా గడియారం వైపు చూశాడు. "నిజమే. నాదే ఆలస్యం" అని కర్ర పట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ పూట నేను క్యారేజీ అంతా ఖాళీ చేశాను. కూర బాగుందో లేదో కూడా తెలీదు, అన్నం మాత్రం రుచిగా ఉంది.

మర్నాడు పదింటికే వచ్చాడు. వేలిముద్ర పడలేదు. నాలుగు వేళ్ళూ చూశాం, పడలేదు. ఫారం తీసి సంతకం పెట్టించుకోవాలి. నేను ఫారం తియ్యలేదు. తెల్లకాగితం తీశాను.

"వేలిముద్ర పడలేదని, స్వయంగా హాజరయ్యానని రాసివ్వండి. మార్జిన్ వదలండి."

నా పెన్ను ఇచ్చాను. మూత నా దగ్గరే పెట్టుకున్నాను. కుర్చీ చూపించలేదు. ఆయన కాగితాన్ని నిలువునా రెండుసార్లు మడిచి, గోటితో గీత నొక్కి, విప్పాడు. ఆ మడతలో ఇప్పటికీ వంక పెట్టలేం. కానీ చెయ్యి వణుకుతోంది. మూడో వరసకి అక్షరాలు పక్కకి జారి గీత దాటాయి. నేను ఆ కాగితం రెండు వేళ్ళతో పట్టుకుని వెనక్కిచ్చాను. ఆ మాట అనడానికి నేను పన్నెండేళ్ళు ఆగాను.

"మళ్ళీ."

మళ్ళీ రాశాడు. మళ్ళీ దాటింది. వెనక వరసలో ఎవరో విసుక్కున్నారు. మూడోది రాస్తుంటే ఆయన మెడ మీద చెమట పట్టింది. నేను కళ్ళు తిప్పుకోలేదు, కావాలనే చూశాను. మూడోది కూడా దాటింది. "సోమవారం రండి" అన్నాను. ఆ మూడు కాగితాలూ నా సొరుగులో పెట్టుకున్నాను. నాన్న కాగితం ఆయన ఫైల్లో ఉంది కదా మరి.

సోమవారం ఆయన ఇంటి దగ్గరే రాసి తెచ్చాడు. ఎన్ని కాగితాలు పాడుచేశాడో తెలీదు, అది మాత్రం వేలు పెట్టి చూపడానికి సందు లేనట్టుంది. నేను తప్పు కోసం వెతుకుతుంటే ఆయన మెల్లగా అన్నాడు.

"మన కాలేజీలో చదివావు కదూ? పెన్ను మూత నువ్వు అట్టేపెట్టుకున్నప్పుడే అనుకున్నాను, మన పిల్లే అని."

నేను తలెత్తాను. దాచుకున్నదంతా ఒక్కసారి బయటికొచ్చింది. "మా నాన్న చేత మూడుసార్లు రాయించారు మీరు. నిలబెట్టి. ఆయన ఐదు దాకే చదివారు."

ఆయన గుర్తు తెచ్చుకున్నాడు. మొహం విప్పారింది.

"పోర్టులో పనిచేసే ఆయన. అవును. మూడోసారికి వచ్చింది కదా" అన్నాడు. తరవాత చుట్టూ మా ఆఫీసునీ, నా బల్లనీ, గడియారాన్నీ చూసి, "నేను చెప్పింది వృథా పోలేదమ్మా. ఇన్నేళ్ళలో ఒక్కరైనా పట్టుకున్నారు" అన్నాడు. ఆయన కళ్ళు తడిసి ఉన్నాయి.

కొట్టినా అంత దెబ్బ తగిలేది కాదు. నేను పగ తీర్చుకుంటున్నాననుకుంటే ఆయన దాన్ని గురుదక్షిణగా పుచ్చుకుని వెళ్ళాడు. ఫారం తీసి సంతకం పెట్టించుకుని, ముద్ర కొట్టి పంపేశాను. సాయంత్రం నాన్న టీ తాగుతుంటే చెబుదామనుకున్నాను, చెప్పలేదు. మళ్ళీ ఏడాది ఆయన రాలేదు, మంచం పట్టాడన్నారు. మా ఆఫీసు వాళ్ళే ఇంటికెళ్ళి ఫారం మీద సంతకం తెచ్చారు. తరవాత గ్రూపులో ఆ ఫొటో.

మొన్న మంగళవారం కౌంటరు దగ్గరికి ఒక పెద్దావిడ వచ్చింది. నేత చీర, చేతిలో ప్లాస్టిక్ సంచి.

"అమ్మా, పింఛన్ల సెచ్చనిదేనా? మా ఆయన మాస్టారండి. ఆయనెల్లిపోయి నెల్లాళ్ళయింది."

పేరు చెప్పింది. నేను లేచి నిలబడ్డాను. కుర్చీ లాగి ఆమెని కూర్చోబెట్టాను. భర్త పింఛను భార్యకి మార్చడానికి అచ్చు ఫారం ఉంది. మరణ ధ్రువీకరణ పత్రం, ఫొటో, సంతకం, అంతే. నేను ఫారం తీస్తుండగా ఆమె సంచిలోంచి ఒక కాగితం తీసి నా ముందు పెట్టింది. నిలువునా రెండు మడతలు. గోటితో నొక్కిన గీత. గీతకి ఇవతల నుంచి పెద్ద పెద్ద అక్షరాలు, ఇంటి గుమ్మం మీద పేరు రాసుకున్నంత పెద్దవి. ఒక్కటి కూడా దాటలేదు.

"నాను మూడు దాకే సదివేనమ్మా. ఆయన మంచమ్మీదుండే రాయించేవోరు. 'నాను పోయేక నువ్వే ఆ ఆపీసుకెల్లాల, అక్కడో పిల్ల ఉంది, నా దగ్గిర సదువుకున్న పిల్ల, మార్జిను లేకపోతే తీసుకోదు' అనేవోరు. గీత దాటితే 'మళ్ళీ' అనేవోరు. రోజూ అదే. ఆకర్న మాట కూడా పడిపోయింది, సేత్తోనే సూపించేవోరు, మళ్ళీ అని." రెండు వేళ్ళు ఎత్తి చూపించింది. "సెయ్యి నొప్పెట్టీసేదనుకో. ఇంటికాడే నేర్సుకుని వచ్చేను. సరిగ్గుందా అమ్మా?"

నాకు ఆ ముసలాయన్ని ఆ కౌంటరు ముందు నిలబెట్టి కడిగెయ్యాలనిపించింది. ఆయన లేడు. ఆ రూలు ఆయనకి చెప్పింది నేను.

ఆమె జవాబు కోసం నా మొహంలోకి చూస్తోంది. నేను పెన్ను మూత తీసి, ఆ ఖాళీలో టిక్కు పెట్టాను.

"చాలా బాగుందమ్మా" అన్నాను.

ఆమె హమ్మయ్య అని ఊపిరి వదిలి, నాకు దండం పెట్టింది. ఆ కాగితం అసలు అక్కర్లేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు.